గ్లాసు నీళ్ళలో అయోడిన్ చుక్క: యాంటీఆక్సిడెంట్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాలు తెరిస్తే ఎక్కువ భాగం ఒకటే గోల, ఫ్రీ రాడికల్స్, యాంటీఆక్సిడెంట్లు, ఏ డబ్బా కొనాలి, ఏ పండు తినాలి. సరే ఈసారికి వీటికే పేజీ అంతా ఇచ్చేస్తున్నా, షుగరు గురించి థైరాయిడ్ గురించి రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మా వీధిలోకి ఒకాయన వచ్చి ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి గాజు గ్లాసు నీళ్ళలో అయోడిన్ చుక్కలు వేశారండి, నీళ్ళు డికాషన్ రంగులోకి తిరిగాయి. "ఇదేనమ్మా మీ ఒంట్లో ఫ్రీ రాడికల్స్ చేస్తున్న పని" అన్నారు. తర్వాత వాళ్ళ క్యాప్సూల్ విప్పి పొడి వేసి తిప్పితే నీళ్ళు మళ్ళీ తేటగా అయిపోయాయండి, కళ్ళారా చూశాను. మా తోడికోడలు అక్కడికక్కడే రెండు డబ్బాలు తీసేసుకుంది, ఒక్కోటి పద్దెనిమిది వందలు. నన్నూ తీసుకోమని ఒకటే పోరు. అసలీ ఫ్రీ రాడికల్స్ ఏంటండి, కొనమంటారా?
– గృహిణి, పాలకొల్లు

జవాబు: కొనకండి. ముందు ఆ గ్లాసు సంగతి తేల్చేద్దాం. ఇంట్లో దెబ్బలకి రాసే బెటాడిన్ ఉంటుంది కదా, అది గ్లాసు నీళ్ళలో రెండు మూడు చుక్కలు వేయండి, లేత గోధుమ రంగు వస్తుంది, అందులో ఒక నిమ్మకాయ పిండి కలపండి. రంగు పోతుంది. నిమ్మరసంలో ఉన్న విటమిన్ సి అయోడిన్‌కి ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, అయోడిన్ కాస్తా అయోడైడ్ అయిపోతుంది, దానికి రంగు ఉండదు. అంతేనండి గారడీ! ఇందులో మీ ఒళ్ళూ లేదు, ఏ రోగమూ లేదు, అసలు ఫ్రీ రాడికలే లేదు. ఆ క్యాప్సూల్‌లో విటమిన్ సి ఉన్నా చాలు, ఈ మాత్రం ఆట ఆడించడానికి. (చూశాక ఆ నీళ్ళు వెంటనే పారబోయండి, పిల్లలు నిమ్మరసం అనుకుని తాగేస్తారు.)

ఇక ఫ్రీ రాడికల్ అంటారా. అణువుల్లో ఎలక్ట్రాన్లు మామూలుగా జంటలుగా ఉంటాయి, ఏ కారణం చేతైనా జంట విడిపోయి ఒక ఎలక్ట్రాన్ ఒంటరిగా మిగిలిపోతే ఆ అణువు కుదురుగా ఉండలేదు, పక్కదాని దగ్గర లాక్కుంటుంది. పుష్కరాల రేవులో చెప్పులు పోగొట్టుకున్నవాడు ఏం చేస్తాడు, పక్కనున్నవి తొడుక్కుని చక్కా పోతాడు, ఆ చెప్పులవాడు ఇంకోడివి వేసుకుంటాడు, వాడు మరొకడివి, సాయంత్రానికి రేవంతా రచ్చ. మధ్యలో ఎవరో ఒకాయన "పోన్లెండి నేను వట్టి కాళ్ళతో వెళ్ళిపోతాను" అంటే గొడవ అక్కడితో ఆగుతుంది. ఆ ఒకాయనే యాంటీఆక్సిడెంట్. విటమిన్ ఈ, విటమిన్ సి చేసేది ఈ పనే, తమ ఎలక్ట్రాన్ ఇచ్చేసి కూడా పెద్దగా అల్లరి చేయకుండా ఉండగలవు. ఈ గొలుసు ఎక్కడా తెగకపోతే కణాల చుట్టూ ఉండే కొవ్వు పొర, ప్రోటీన్లు, ఆఖరికి డీఎన్ఏ కూడా దెబ్బ తింటాయి.

ఇవి బయటినుంచి వచ్చే దొంగలేం కాదు, చాలావరకు మన ఒంట్లోనే పుడతాయి. తిన్న అన్నాన్ని కణాల్లోని మైటోకాండ్రియా ఆక్సిజన్ సాయంతో శక్తిగా మారుస్తాయి, ఆ శక్తి ఏటీపీ రూపంలో ఉంటుంది, మారుస్తున్నప్పుడు కొంత ఆక్సిజన్ దారి తప్పి ఫ్రీ రాడికల్ అవుతుంది. ఏటీపీ అన్నాను కాబట్టి ఒక్క ముక్క, దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా గుర్తించాడు. భీమవరం అనగానే రొయ్యలూ కోడిపందేలూ తప్ప ఇంకేం గుర్తు రానివాళ్ళకి ఇది చెప్తూ ఉండాలి.

ఇంకో విషయం, డబ్బాలు అమ్మేవాళ్ళు ఇది చచ్చినా చెప్పరు. ఫ్రీ రాడికల్స్ మనకి కావాలి కూడా. కాల్లో ముల్లు గుచ్చుకుని చీము పట్టిందనుకోండి, తెల్ల రక్తకణాలు కావాలనే సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌ని తయారు చేసి బాక్టీరియా మీద వదులుతాయి. అంచేత వీటిని సున్నా చేసేయాలనుకోవడమే తప్పు. మితిమీరకుండా చూసుకోవడానికి ఒంట్లోనే కాపలా ఉంది, సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అని ఒక ఎంజైమ్ (దాని పని ఏంటో 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ తేల్చారు), కాటలేజ్ అని ఇంకోటి, గ్లుటాథయోన్‌తో పనిచేసేవి మరికొన్ని. వీటికి జింకు, రాగి, మాంగనీసు, సెలీనియం చిటికెల్లో కావాలి, అవి పప్పులు, గింజలు, చేపలు, గుడ్లలో వస్తాయి.

మరి ఈ వ్యాపారం ఎక్కడ మొదలైందంటే, 1956లో డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త ముసలితనానికి ఫ్రీ రాడికల్సే కారణం అని ఒక సిద్ధాంతం చెప్పాడు. బావుంది, వినడానికి సబబుగానే ఉంది, మరి యాంటీఆక్సిడెంట్ మింగితే ముసలితనం ఆగాలి కదా? ఆ ప్రశ్నని మనుషుల మీద ఏళ్ళ తరబడి పరీక్షించారు. 2012లో వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్ళు 78 ట్రయల్స్, దాదాపు 3 లక్షల మంది లెక్కలు కలిపి చూస్తే మాత్రలు మింగినవాళ్ళు ఎక్కువకాలం బతికిన జాడ కనపడలేదు, పైగా బీటా కెరోటిన్ (క్యారెట్, గుమ్మడిలో ఉండేది), విటమిన్ ఈ తీసుకున్నవాళ్ళలో చావులు కాస్త ఎక్కువే ఉండొచ్చని తేలింది. డబ్బా మీద "ఓరాక్ స్కోరు" ఇంత అని పెద్ద అంకె వేస్తుంటారు చూడండి, టెస్ట్ ట్యూబులో యాంటీఆక్సిడెంట్ బలం కొలిచిన అంకె అది, ఒంట్లో జరిగేదానికి దానికి పొంతన లేదని అమెరికా వ్యవసాయ శాఖ తన పట్టికనే 2012లో వెబ్‌సైట్‌లోంచి తీసేసింది.

తోడికోడలితో గొడవ పెట్టుకోకండి, నిమ్మకాయ ప్రయోగం ఆవిడ ముందు చేసి చూపించండి చాలు.

ప్రశ్న: మా నాన్నగారికి అరవై ఎనిమిది. లంక పొగాకు చుట్ట నోట్లో లేకపోతే ఆయనకి తెల్లారదు. మానమంటే "మా నాన్న తొంభై ఏళ్ళు కాల్చాడు" అంటారు. మాన్పించడం నా వల్ల కాదు గానీ కనీసం బీటా కెరోటిన్ మాత్రలైనా వేయిస్తే పొగ వల్ల వచ్చే ఫ్రీ రాడికల్స్ తగ్గుతాయి కదా సార్?
– రావులపాలెం దగ్గర ఒక లంక గ్రామం నుంచి

జవాబు: ఒద్దు, ఆయనకి మాత్రం అస్సలు ఒద్దు. మీరు అనుకున్నట్టే ఫిన్లాండులోనూ అనుకున్నారు. కూరగాయలు, పళ్ళు బాగా తిని రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువున్నవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువ వస్తోందని చూసి, 29 వేల మంది పొగతాగే మగవాళ్ళని తీసుకుని కొందరికి రోజుకి 20 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చారు. 1994లో ఫలితం చూస్తే మాత్ర వేసుకున్నవాళ్ళలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! నమ్మలేకపోయారు. అమెరికాలో 18 వేల మందితో అదే బాపతు ఇంకో ట్రయల్ నడుస్తోంది, అందులో విటమిన్ ఏ కూడా కలిపి ఇస్తున్నారు, అక్కడ 28 శాతం ఎక్కువ వచ్చేసరికి 1996లో గడువు తీరకముందే ఆపేశారు. పొగతో గాయపడిన ఊపిరితిత్తుల్లో అంత మోతాదు బీటా కెరోటిన్ తానే చెడిపోయి హాని చేసే రూపంలోకి మారుతుందని ఒక వివరణ. గుమ్మడికాయ కూర, మునగాకు పప్పు, క్యారెట్ భయం లేకుండా పెట్టండి, తిండిలో వచ్చే మోతాదు వేరు, దానితో ఇలాంటి హాని రాలేదు.

చుట్ట పొగ లోపలికి పీల్చనని మీ నాన్నగారు అనే ఉంటారు, అందరూ అదే అంటారు. పీల్చకపోయినా నోటి నుంచే నికోటిన్ ఒంట్లోకి పోతుంది, నోటి క్యాన్సర్‌కి పీల్చడంతో పనిలేదు. బుగ్గల లోపల, నాలిక పక్కన, అంగిట్లో తెల్ల మచ్చలు గానీ ఎర్ర మచ్చలు గానీ మానని పుండు గానీ ఉందేమో పట్టపగలు వెలుతురులో ఒకసారి నోరు తెరిపించి చూడండి, ఉంటే ఆలస్యం చేయొద్దు. మాన్పించడం మీ వల్ల కాకపోతే 1800 11 2356 అని కేంద్ర ప్రభుత్వం టోల్‌ఫ్రీ నంబరు ఉంది, పొగాకు మానడానికి సాయం చేస్తారు, ఆయన చేతే చేయించండి. తాతగారి తొంభై ఏళ్ళ మాటకి నా దగ్గర జవాబు లేదు గానీ, చుట్ట కాల్చి యాభైలకే పోయినవాళ్ళ పేర్లు కూడా ఆ ఊళ్ళో ఆయనకి తెలిసే ఉంటాయి, అడిగి చూడండి.

ప్రశ్న: మా కోడలు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా బ్లూబెర్రీలు, డ్రాగన్ ఫ్రూట్ తెస్తుంది. "అత్తయ్యా వీటిలో యాంటీఆక్సిడెంట్స్ ఎక్కువ" అంటుంది. ప్రేమతోనే తెస్తుంది, కాదనలేను. కానీ ఆ రేటు చూస్తే ముద్ద దిగడం లేదు. మన కోనసీమలో దొరికేవాటిలో ఇవేం ఉండవా?
– రిటైర్డ్ టీచరు, అమలాపురం

జవాబు: ఉండకేమండీ! బ్లూబెర్రీకి ఆ నీలం రంగు ఇచ్చేవి ఆంథోసయనిన్లు, నేరేడు పండు తింటే నాలిక ఊదారంగు తిరిగిపోతుంది చూడండి, అవీ ఆ కుటుంబమే. డ్రాగన్ ఫ్రూట్‌లో ఎర్ర రకానికి ఆ రంగు బీటాలైన్ల వల్ల వస్తుంది, బీట్‌రూట్‌లో ఉండేవి అవే, ఎర్ర తోటకూరలో ఉండేవీ అవే. మీ పెరట్లో తీగ బచ్చలి ఉంటే దాని పళ్ళు ఒకటి చిదిమి చూడండి, చిన్నప్పుడు సిరా అని చెప్పి వేళ్ళకీ గౌనుకీ పూసుకునేవారు కదా, ఆ ఊదా ఎరుపు కూడా బీటాలైనే. గోటి సందులోంచి రెండు రోజులైనా వదలదు. నల్లగింజ ఉన్న తెల్ల డ్రాగన్ ఫ్రూట్ అయితే ఆ రంగు కూడా ఉండదు, చప్పగా నీళ్ళలా ఉంటుంది, దానికి అంత డబ్బు నేనైతే పెట్టను.

విటమిన్ సి కి మీకు జామచెట్టు ఒక్కటి చాలు. వంద గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్క ప్రకారం రోజుకి మగవాళ్ళకి 80, ఆడవాళ్ళకి 65 కావాలి, అంటే సగం కాయ తిన్నా ఎక్కువే. వెయ్యి మిల్లీగ్రాముల బిళ్ళలు ఏడాది పొడుగునా చప్పరించేవాళ్ళున్నారు, మిగిలింది మూత్రంలో పోతుంది, కొంత ఆక్సలేట్‌గా మారుతుంది, కిడ్నీలో రాళ్ళు వచ్చే ఒళ్ళయితే అది ఇబ్బందే. ఆ మాటకొస్తే మన కంద బచ్చలి కూరలో కూడా ఆక్సలేట్ గట్టిగానే ఉంటుంది, రాళ్ళ బాధ ఉన్నవాళ్ళు పెళ్ళి భోజనంలో ఆవ ఘాటు బావుందని మారు వడ్డించుకోకపోతే మంచిది. మిగతావాళ్ళు తినండి, కోనసీమలో పుట్టి అది మానడం ఎందుకు.

వండే విషయంలో ఒకటి రెండు చెప్తాను. ఆకుకూర ఉడికించి నీళ్ళు వార్చేయకండి, విటమిన్ సి, ఫోలేట్ రెండూ ఆ నీళ్ళతో పోతాయి, కొద్ది నీళ్ళతో మూత పెట్టి మగ్గించండి. (ఫోలేట్ అంటే ఫోలిక్ యాసిడ్, గర్భిణులకి ఇస్తారే, దాన్ని అమెరికాలో లేడర్లే అనే మందుల కంపెనీ ల్యాబులో కృత్రిమంగా తయారు చేయించింది కూడా ఆ సుబ్బారావు గారి బృందమే.) టమాటా మాత్రం దీనికి తిరగేసి, పచ్చిగా కంటే నూనెలో మగ్గితేనే దాని ఎరుపుకి కారణమైన లైకోపీన్ ఒంటికి బాగా పడుతుంది. మునగాకు, గుమ్మడి, క్యారెట్‌లో ఉండే కెరోటిన్‌కి కూడా కాస్త నూనో కొబ్బరో తగలాలి, పచ్చికొబ్బరి వేసిన మునగాకు వేపుడు కంటే ఇంకేం కావాలి.

అసలు ఇబ్బంది పళ్ళు దొరక్కపోవడం కాదండి, మన డెల్టాలో కంచంలో అన్నం కొండంత, కూర గోరంత. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కంచంలో సగం కూరలు, పళ్ళే ఉండాలంది. ఆ సగం నింపడానికి అరటిపువ్వు, పొట్లకాయ, ఆనపకాయ, తోటకూర అన్నీ పనికొస్తాయి, యాంటీఆక్సిడెంట్ అని పేరు పెట్టుకు రానక్కర్లేదు. కోడలికి చెప్పండి, ఈసారి వచ్చేటప్పుడు బ్లూబెర్రీల బదులు మంచి బాదంపప్పు తెమ్మని, విటమిన్ ఈ దాన్లో బాగా ఉంటుంది, మనకి ఇక్కడ పండదు.

ప్రశ్న: కొత్తగా పెళ్ళయిందండి. మా అత్తగారు అరటికాయ కోసిన వెంటనే మజ్జిగ కలిపిన నీళ్ళలో వేయమంటారు. అలా వేస్తే పోషకాలన్నీ నీళ్ళలోకి పోవా?
– నర్సాపురం

జవాబు: మీ అత్తగారి మాట వినండి. కోసిన చోట కణాలు తెగి, లోపలి పాలీఫినాల్స్ అనే పదార్థాలకి గాలి తగిలి, ఒక ఎంజైమ్ వాటిని నల్లగా మార్చేస్తుంది. నీళ్ళు గాలి తగలనివ్వవు, మజ్జిగ పులుపు ఎంజైమ్‌ని మందగింపజేస్తుంది. పది పదిహేను నిమిషాలకి పోయేది స్వల్పం. పొద్దున్నే కోసి మధ్యాహ్నం దాకా నానబెట్టకుండా ఉంటే సరి.

ప్రశ్న: కాకినాడలో పునుగులు, బజ్జీల బండి పెట్టుకున్నాను సార్. మీరంతా వాడిన నూనె విషం విషం అని రాస్తారు. రోజూ నూనె పారబోస్తే నేనేం తినాలి? ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పండి.
– బండి యజమాని

జవాబు: న్యాయమైన ప్రశ్న, తినేవాళ్ళే రాస్తారు గానీ వేయించేవాళ్ళు అడగడం అరుదు. నూనెలో మొదట ఉండే విటమిన్ ఈ దాన్ని కొంతసేపు కాపాడుతుంది, వేడికి అది ఖర్చయిపోయాక నూనె గాలిలోని ఆక్సిజన్‌తో గొలుసుకట్టుగా చెడిపోవడం మొదలెడుతుంది, మొదటి జవాబులో చెప్పిన ఫ్రీ రాడికల్స్ గొడవే అది, మూకుట్లో జరుగుతుంది. మన దేశంలో రూలు ప్రకారం నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె చెడేకొద్దీ పేరుకునే పదార్థాలు) 25 శాతం దాటితే ఇక వాడకూడదు, 2018 జూలై నుంచి అమల్లో ఉంది. మీటరు పెట్టి కొలవలేరు కాబట్టి కంటితో చూడండి, వేడెక్కగానే నురగ కట్టి తగ్గకపోతే, ముందుకంటే త్వరగా పొగ వస్తే, చల్లారాక జిగటగా ఉంటే ఆ నూనె పని అయిపోయినట్టే.

ఎక్కువ కాలం నిలవాలంటే మాడిన పిండి తునకలు జల్లిగంటెతో ఎప్పటికప్పుడు తీసేయండి, బేరం లేనప్పుడు మంట తగ్గించండి, రాత్రి వడగట్టి మూత పెట్టండి. పాత నూనె మీద కొత్త నూనె పోసుకుంటూ పోవడం మానేయండి, అందరూ చేసేది ఇదే, కొత్తది కూడా పాతదానితో పాటు చెడుతుంది. పొద్దుతిరుగుడు నూనె కంటే వేరుశనగ నూనె వేడికి కాస్త ఎక్కువ తట్టుకుంటుంది.

ప్రశ్న: జిమ్‌కి వెళ్తున్నాను. కోచ్ రోజూ విటమిన్ సి 1000, విటమిన్ ఈ 400 వేసుకోమన్నాడు, రికవరీకి మంచిదట.
– ఇంజినీరింగ్ విద్యార్థి, రాజమండ్రి

జవాబు: 2009లో జర్మనీలో సరిగ్గా ఈ మోతాదులే ఇచ్చి చూశారు తమ్ముడూ. వ్యాయామం వల్ల ఇన్సులిన్ మెరుగ్గా పనిచేయాలి, మాత్రలు వేసుకోనివాళ్ళకి మెరుగైంది, వేసుకున్నవాళ్ళకి అవ్వలేదు. కష్టపడ్డప్పుడు పుట్టే ఆ కాసిని ఫ్రీ రాడికల్సే ఒంటికి "గట్టిపడు" అని కబురు పంపుతాయి, నువ్వు ఆ కబురే ఆపేస్తున్నావు. మానేసి రెండు గుడ్లు, ఒక చక్రకేళి తిను.

ప్రశ్న: మా అక్కకి రొమ్ము క్యాన్సర్. కీమో అవుతోంది, తర్వాత రేడియేషన్ అన్నారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు యాంటీఆక్సిడెంట్ పౌడరు, పసుపు క్యాప్సూళ్ళు తెచ్చి ఇచ్చారు. డాక్టరు గారికి చెప్పకుండా వేయొచ్చా?
– తణుకు

జవాబు: చెప్పకుండా ఏదీ వేయకండి. రేడియేషన్ క్యాన్సర్ కణాల్ని చంపేది చాలావరకు వాటిలో ఫ్రీ రాడికల్స్ పుట్టించే, కొన్ని కీమో మందులూ అంతే. ఆ సమయంలో పెద్ద మోతాదు యాంటీఆక్సిడెంట్ ఇస్తే చికిత్సకే అడ్డం పడొచ్చు. కూరలో వేసే పసుపుతో భయం లేదు, క్యాప్సూల్ అలా కాదు, మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువ పట్టేలా చేస్తారు, వాటితో లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని వెళ్ళి క్యాన్సర్ డాక్టరు గారి టేబుల్ మీద పెట్టండి, ఏది పనికొస్తుందో ఏది కాదో ఆయనే చెప్తారు. ఈలోపు అక్కకి ఏది సయిస్తే అది, మెత్తటి పప్పన్నం, గుడ్డు, పెరుగు, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. చుట్టాలు మళ్ళీ వస్తే డబ్బాల బదులు వంట చేసి క్యారేజీ తెమ్మనండి, మీకు నిజంగా కావలసింది అదే.

ప్రశ్న: పులసలో యాంటీఆక్సిడెంట్లు ఎన్ని ఉంటాయండి? ఇంట్లో కొనడానికి ఒక కారణం కావాలి.
– యానాం

జవాబు: ఆయ్, కారణం నన్నడుగుతున్నారా! పులసలో చెప్పుకోవాల్సింది యాంటీఆక్సిడెంట్లు కాదు, ఒమేగా 3 కొవ్వులు, ఆ రుచి కూడా ఆ కొవ్వు వల్లే. యాంటీఆక్సిడెంటే కావాలంటే రొయ్య కొనుక్కోండి, ఉడకగానే ఎర్రబడుతుంది చూశారా, ఆ రంగు అస్టాక్సాంథిన్, కెరోటిన్ కుటుంబంది. పచ్చిగా ఉన్నప్పుడు ఒక ప్రోటీన్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కనపడదు, వేడి తగిలాక విడిపడి బయటపడుతుంది. దాన్నే క్యాప్సూళ్ళలో పెట్టి అమ్ముతున్నారు కూడా. పులసకి మాత్రం వరద నీరు ఎర్రగా వచ్చేదాకా ఆగండి, సముద్రంలో పట్టిన ఇలసని పులస అని అంటగట్టే బేరాలు ఎక్కువైపోయాయి, మీ యానాం రేవులోనే తెలిసినవాళ్ళ దగ్గర తీసుకోండి.